బీడు పిట్టలు, గుట్ట పిట్టలు

(అనంతపురం వైపు ఒక ఊళ్ళో పొదుపు సంఘం మహిళలకు చెప్పిన మాటలు)



ఈ రోజు మనం పిట్టల గురించి మాట్లాడుకుందాం. "పొద్దున లేస్తే నూరు పనులు, మాకు పిట్టలెందుకమ్మా?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అనుకోండి, తప్పు లేదు. ముందు నేనడిగే దానికి జవాబు చెప్పండి. కట్టెలకు గుట్టకు పోయేది ఎవరు? మేకల వెంట బీట్లో తిరిగేది ఎవరు? శెనక్కాయ చేలో వంగి కలుపు తీసేది ఎవరు? ఎక్కువగా మీరే. పట్నం నుంచి దుర్భిణి మెడకు తగిలించుకుని వచ్చేవాళ్ళు రెండు రోజులుండి పోతారు. మీరు సాలు పొడుగునా ఇక్కడే ఉంటారు. ఏ పిట్ట ఉంది, ఏ పిట్ట పోయింది అనేది మీ కంటికి తెలిసినట్టు ఇంకెవరి కంటికీ తెలియదు. ఆ చూపుకు విలువ ఎంతో కొంచెం సేపయ్యాక చెబుతాను.

మనది ఎడారి కాదు. కానీ ఎడారికి దగ్గరి చుట్టం. అనంతపురం వైపు సాలుకు పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. రాజస్థాన్‌లో థార్ ఎడారి ఉంది. అక్కడ జైసల్మేరులో ఇందులో సగం కూడా పడదు. బొమ్మనహాళ్ వైపు పోయినవాళ్ళు చూసే ఉంటారు. వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు పోస్తుంది. ఇటు చూస్తే బండల గుట్టలు. ఇలాంటి నేల మీద బతికే పిట్టలకు ఒక గుణం ఉంది. అవి నేల రంగులో ఉంటాయి. మన్ను మాదిరి, రాయి మాదిరి, ఎండిన గడ్డి మాదిరి. కదలకుంటే కనబడవు.

మరి గుర్తు పట్టేది ఎట్లా? రంగు ఒక్కటే చూస్తే మోసపోతాం. ముందు సైజు చూడాలి. దానికి టేపు అక్కరలేదు. మనకు తెలిసిన పిట్టలే కొలత. పిచ్చుకంత ఉందా? గోరింకంతా? కాకంతా? కోడంతా? తరువాత అది ఎక్కడుందో చూడాలి. నేల మీదా, బండ మీదా, చెట్టు మీదా, ఆకాశంలోనా? నడుస్తుందా, గెంతుతుందా, పరుగెత్తుతుందా? ఆ తరువాతే రంగు. రంగయినా "గోధుమ రంగు" అని ఊరుకోకూడదు. ఏ రంగు ఎక్కడుందో చూడాలి. తల మీదా, గొంతు కిందా, రెక్క మీదా, తోక కిందా?

తీతువు పిట్టతో మొదలుపెడదాం. ఇది తెలియని వాళ్ళు ఉండరు. రాత్రిపూట కూస్తే అపశకునం అని పెద్దవాళ్ళు తిడతారు. పాపం, అది ఎవరి చావూ కోరదు. దానికి చెట్టు మీద గూడు ఉండదు. గులకరాళ్ళ మధ్య, ఉత్త నేల మీద గుడ్లు పెడుతుంది. నక్కో కుక్కో మనిషో అటు వస్తే అరుస్తుంది. అంతే సంగతి. మన పసిబిడ్డ నేల మీద పడుకుని ఉంటే పక్కన పాము కనబడినప్పుడు మనం అరవమా?

తీతువు కౌజు కన్నా కొంచెం పెద్దది. కాళ్ళు పొడుగు, పసుపు రంగు. తల, రొమ్ము నలుపు. కడుపు తెలుపు. కంటి ముందు ఎర్రటి తోలు ఉంటుంది. ఇది కుంటల దగ్గర, తడి ఉన్న చోట ఎక్కువ. కానీ నీళ్ళు లేని ఎండు బీట్లో చూస్తే దాని చెల్లెలు లాంటిది ఇంకొకటి ఉంటుంది. దానికి ఆ తోలు ఎర్రగా ఉండదు, నిమ్మపండు పసుపులో ఉంటుంది. తల మీద నల్ల టోపీ పెట్టినట్టుంటుంది. రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. కంటి ముందు రంగు చూడండి, తేడా తెలిసిపోతుంది. మంచి ఎండల్లో తీతువు కుంటకు పోయి కడుపు ఈకలు తడుపుకుని వస్తుంది. ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. కుండకు తడిగుడ్డ చుట్టడం మనకొక్కరికే తెలుసనుకుంటాం!

ఈకల్లో నీళ్ళు తెచ్చే పిట్ట ఇంకొకటుంది. పాత పుస్తకాల్లో దాన్ని జామ్ పొలంక అని రాశారు. మీ ఊళ్ళో వేరే పేరు ఉంటే అదే వాడండి. చూడటానికి గువ్వంత ఉంటుంది. ఇసుక రంగు. తోక చివర సూది మాదిరి సన్నంగా ఉంటుంది. కాళ్ళు పొట్టి. నేల మీద కూర్చుంటే మట్టిగడ్డే అనుకుంటాం. కాలు దగ్గరికి పోయేదాకా లేవదు. పొద్దు ఎక్కాక గుంపులు గుంపులుగా కుంటకు వచ్చి నీళ్ళు తాగి పోతాయి. పిల్లలు దూరంగా బీట్లో ఉంటాయి, ఇంకా ఎగరలేవు. అప్పుడు మగపిట్ట నీళ్ళలో కూర్చుని కడుపు ఈకలు నానబెట్టుకుంటుంది. ఆ నీళ్ళతో మైళ్ళ దూరం ఎగిరిపోయి పిల్లల ముందు నిలబడుతుంది. పిల్లలు ఆ ఈకలు చప్పరించి దాహం తీర్చుకుంటాయి. అవును, సరిగానే విన్నారు. నీళ్ళు మోసేది మగపిట్ట! నవ్వండి, నవ్వండి. ఈ మాట ఇంటికి పోయి చెప్పండి.

కౌజు మీకు బాగా తెలుసు. చిన్న కోడిపెట్టలా ఉంటుంది. ఒళ్ళంతా సన్నని అడ్డ గీతలు. గొంతు లేత పసుపు, దాని చుట్టూ నల్ల దారం కట్టినట్టు ఒక గీత. ఎగరడం కన్నా పరుగెత్తడమే దానికి ఇష్టం. తెల్లవారుజామున జతగా కూస్తే పక్క ఊరికి వినబడుతుంది. దీన్ని వలవేసి పట్టడం, అమ్మడం నేరం. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. పట్టేవాళ్ళు పేదవాళ్ళే, నాకు తెలుసు. కొనేవాళ్ళు కార్లలో వస్తారు. కేసు మాత్రం పట్టినవాడి మీదే పడుతుంది.

ఇక గుట్టెక్కుదాం. బండల మధ్య తోక నిక్కబొడుచుకుని గెంతే చిన్న పిట్టను చూశారు కదా? అది నల్లంచి. పిచ్చుక కన్నా కొంచెం పెద్దది. మగది నల్లగా నిగనిగలాడుతుంది, రెక్క మీద తెల్ల మచ్చ, తోక కింద ఇటుక ఎరుపు. ఆడదానికి తెల్ల మచ్చ ఉండదు, ఒళ్ళంతా మన్ను రంగు. రెండూ వేరు వేరు పిట్టలనుకునే వాళ్ళున్నారు. తోక కింద ఎరుపు రెండింటికీ ఉంటుంది. మేకల దొడ్డి గోడ మీద కూడా తిరుగుతుంది.

గుట్ట మీద చూడవలసిన ఇంకొక పిట్ట పిగిలి. ఊళ్ళో మనం చూసే పిగిలి పిట్టకు తల నల్లగా, తోక కింద ఎర్రగా ఉంటుంది. కానీ పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య పొదలు ఉన్న గుట్టల్లో ఇంకొక రకం ఉంది. దానికి తల, గొంతు పసుపు, తోక కింద కూడా పసుపే. ఒళ్ళు బూడిద రంగు. ఇది దక్షిణ దేశపు బండల గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ మీద ఉంది. కర్ణాటకలో నంది కొండ మీద ఉంది. అమెరికా నుంచి కూడా దీన్ని చూడటానికి మనుషులు వస్తారు. గుట్టను క్వారీకి ఇస్తే బండలు పోతాయి, బండలతో పొదలు పోతాయి, దానితో ఈ పిట్ట పోతుంది. చెట్టు నరికితే మళ్ళీ నాటవచ్చు. పగిలిన గుట్టను ఎవరు నాటతారు?

అదే బండల సందులో పెద్ద గుడ్లగూబ ఉంటుంది. కాకి కన్నా బాగా పెద్దది. తల మీద రెండు చెవుల్లాంటి ఈకలు, నిప్పుకణం లాంటి కళ్ళు. చీకటి పడే వేళ బండ కొన మీద కూర్చుని లోతైన గొంతుతో హుంకరిస్తుంది. దాన్ని చూసి భయపడేవాళ్ళు ఉన్నారు. మంత్రాలకని పట్టి చంపేవాళ్ళూ ఉన్నారు. అది ఎక్కువగా తినేది ఎలుకలను. శెనక్కాయ గుట్ట కింద ఎలుకలు ఎంత తోడుకుపోతాయో మీకు నేను చెప్పాలా? కూలి అడగకుండా రాత్రంతా కాపలా కాసే దాన్ని మనమే కొట్టి చంపుతున్నాం.

ఇప్పుడు పైకి చూడండి. ఆకాశంలో గుండ్రంగా తిరిగేదాన్నల్లా గద్ద అంటాం. గద్ద తోక చివర చేప తోకలా చీలి ఉంటుంది. రాబందు తోక పొట్టి. రెక్కలు పలకల్లా వెడల్పు, చివర వేళ్ళలా విడిపోయి ఉంటాయి. గంటసేపు చూసినా రెక్క ఆడించదు, గాలి మీద తేలుతుంది. మెడ మీద ఈకలుండవు. ఇంకొక రాబందు తెల్లగా, కొంచెం మాసిన బట్టలా ఉంటుంది. ముఖం పసుపు, రెక్కల అంచు నలుపు. అది గద్దంతే ఉంటుంది. కొండ చరియల్లో గూడు పెడుతుంది.

మీలో యాభై దాటిన అమ్మలను అడుగుతాను. మీ చిన్నప్పుడు ఎద్దు చచ్చి ఊరి బయట వేస్తే ఎన్ని రాబందులు దిగేవి? ఇప్పుడు ఎన్ని దిగుతున్నాయి? మీకే తెలుసు, ఒక్కటీ లేదు. తెల్ల వీపు రాబందులు మన దేశంలో వందకు తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. ఎవరో వేటాడలేదు. పశువుల నొప్పులకు, జ్వరానికి డైక్లోఫెనాక్ అనే సూదిమందు వేసేవాళ్ళు. ఆ సూది వేసిన పశువు ఒకటి రెండు రోజుల్లో చస్తే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి చచ్చేది. ఒక్క కళేబరం మీద వందల పిట్టలు దిగుతాయి కదా. ఒక్క సూది చాలు. రాబందు సాలుకు ఒక్క గుడ్డే పెడుతుంది, పోయినవి తొందరగా తిరిగి రావు.

ఇది పిట్టలతో ఆగలేదు. కళేబరాలు కుళ్ళాయి, ఊరకుక్కలు పెరిగాయి, నీళ్ళు చెడ్డాయి. రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 దాకా ఐదేళ్ళలో దేశంలో దాదాపు 5 లక్షల మంది ఎక్కువగా చనిపోయి ఉంటారని 2024లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. 5 లక్షలు! ఎవరికీ అక్కరలేని పిట్ట అనుకున్నాం దాన్ని.

2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరి రెండు మందులు కూడా పశువులకు వాడకూడదని చెప్పింది. కానీ మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ దుకాణంలో ఉంటూనే ఉంది. దాన్నే తెచ్చి గొడ్డుకు పొడిచేవాళ్ళు ఉన్నారు. అందుకని, మీ ఇంటి ఆవుకో ఎద్దుకో సూది వేయడానికి ఎవరు వచ్చినా సీసా చేతిలోకి తీసుకుని పేరు అడగండి. పేరు ఇంగ్లీషులో ఉంటుంది, అది నాకూ కోపమే. ఇంట్లో బడికి పోయే పిల్లో పిల్లాడో ఉంటే చదివించుకోండి. మెలోక్సికామ్ అయితే రాబందుకు హాని లేదు, గొడ్డుకూ అదే పని చేస్తుంది. "నీకెందుకమ్మా" అని గదిమినా అడగండి. గొడ్డు మీది, డబ్బు మీది.

రాబందులు పూర్తిగా పోలేదు. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది. ఆ గుట్ట చరియల్లో రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి 2013లో బయటపడింది. గుట్ట దొరికితే అవి నిలుస్తాయి.

బట్టమేక కథ మాత్రం వేరు. పేరులోనే మేక ఉంది చూడండి. నిలబడితే మేకంత ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. తల మీద నల్ల టోపీ, మెడ తెలుపు, వీపు ఎండుగడ్డి రంగు. రైతు నడిచినట్టు నిదానంగా బీట్లో నడుస్తుంది. మిడతలు, పురుగులు, బల్లులు, గింజలు తింటుంది. ఒక్క గుడ్డు నేల మీద పెడుతుంది. థార్ ఎడారిలో ఉండేదీ ఇదే, కర్నూలు బీళ్ళలో ఉండినదీ ఇదే. రాజస్థాన్‌లో దీన్ని గోడావణ్ అంటారు, అది వాళ్ళ రాష్ట్ర పక్షి.

మన నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో ఈ పిట్ట కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. అరణ్యం అంటే చెట్లనుకునేరు, అక్కడున్నది గడ్డి. చుట్టూ బీళ్ళు పొలాలయ్యాయి. నీళ్ళు వచ్చాయి, పంటలు మారాయి. గడ్డి బీడును మన కాగితాల్లో "బంజరు" అని రాస్తారు. అంటే పనికిరానిది అని. పనికిరానిదైతే ఎవరైనా దున్నవచ్చు కదా! అట్లా ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక కనబడటమే లేకుండా పోయింది. దేశం మొత్తం మీద 150 దాకా మిగిలాయంటారు. వాటిలో చాలావరకు జైసల్మేరు వైపే. అక్కడ వాటికి కరెంటు తీగలు యముళ్ళు. దీని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. బరువైన పిట్ట, తప్పుకోలేదు. 2019 నుంచి అక్కడ గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. పిల్లలు పెరుగుతున్నాయి. వాటిని వదలడానికి గడ్డి ఉండాలి.

మీ చూపుకు విలువ ఎంతో చెబుతానన్నాను. కడప వైపు లంకమల కింద కలివి పొదల్లో ఒక పిట్ట ఉంది, కలివికోడి. కౌజు కన్నా చిన్నది, కాళ్ళు పొడుగు, కళ్ళు పెద్దవి. రొమ్ము మీద రెండు అడ్డ పట్టీలు. పగలు పొదలో నక్కి ఉంటుంది, రాత్రి బయటికి వస్తుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు దీని గురించి లోకానికి చెప్పాడు. 1900 తరువాత చదువుకున్నవాళ్ళెవరికీ కనబడలేదు. ఎనభై ఆరేళ్ళు! ఇక లేదనే అనుకున్నారు.

తరువాత బొంబాయి నుంచి పక్షుల శాస్త్రవేత్తలు వచ్చారు. వాళ్ళు ఊళ్ళల్లో బొమ్మ చూపించి "ఈ పిట్టను చూశారా?" అని అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రి పూట దాన్ని పట్టుకుని వచ్చాడు. ఐతన్న ఆ పొదల్లో పిట్టలు పట్టి బతికిన మనిషి. ఏ పిట్ట ఎక్కడ నక్కుతుందో, చీకట్లో ఎట్లా పరుగెత్తుతుందో ఆయనకు తెలుసు. పుస్తకాలన్నీ లేదన్నదాన్ని ఆయన చేతిలో పెట్టి చూపించాడు. పాపం, ఆ మొదటి పిట్ట బతకలేదు. కానీ దానివల్ల లంకమలను అభయారణ్యం చేశారు. ఆ మధ్య చాలా ఏళ్ళు మళ్ళీ దాని జాడ లేదు. 2025లో రాత్రివేళ దాని గొంతు మళ్ళీ వినబడింది.

అందుకే మీ చేతికి ఈ నోటు పుస్తకాలు ఇస్తున్నాను. పెద్ద పెద్ద వాక్యాలు అక్కరలేదు. అక్షరాలు వంకరపోయినా పరవాలేదు. తేదీ, చోటు, ఎంత సైజు, ఏ రంగు ఎక్కడ, ఏం చేస్తోంది, ఇంతే. ఇదిగో, ఇట్లా:

"సోమవారం. పొద్దు పొడిచిన గంటకు. తూర్పు గుట్ట కింద, బండ మీద. పిగిలి అంత ఉంది. గొంతు పసుపు. తోక కింద పసుపు. రెండు ఉన్నాయి. పొదలోకి పోయినాయి."

పేరు తెలిస్తే పైన రాయండి. తెలియకుంటే ఆ చోటు ఖాళీగా వదిలేయండి. వచ్చే నెల బొమ్మల పుస్తకం తెస్తాను. కూర్చుని ఒక్కొక్కటే నింపుదాం.